విఠోబా ముందు ఐరన్ మాత్రలు

వాయి, మంగళవారం

చి.సౌ. నళినికి అక్క ఆశీస్సులు.

నువ్వు పుట్టిన పదోనాటి ఉదయం ఇవాళ గుర్తొచ్చింది. వంటింట్లో నేతిలో తుమ్మబంక వేగుతున్న వాసన, మంచం మీద ఎండ. నిన్ను కన్న ఆయీ చేతిలో నానమ్మ బంక లడ్డు పెట్టింది. బాలింతకు రోజుకొకటే. చుట్టూ మేం నలుగురం. ఆయీ నాలుగు ముక్కలు చేసి పంచి, వేళ్లకంటిన పొడి తను నాకింది. "నాకు తీపి సయించదర్రా" అంది. ముప్ఫై ఏళ్లు నమ్మాను.

మీ అమ్మాయి వృందకు కాన్పులో రక్తం బాగా పోయిందన్నావు. డాక్టరమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రలు ఒక్కరోజూ తప్పనివ్వకు. నీకు మతిమరుపు, పూజగదిలో విఠోబా ముందు పెట్టుకో.

ద్వారక

మిరజ్, సోమవారం

అక్కా, నీ పాదాలకు దండాలు.

నువ్వు చెప్పినట్టే పెట్టాను. రోజూ హారతయ్యాక తులసాకు వేసి అందరికీ పంచుతున్నాను. ముందు మీ మరిదికి, తర్వాత మా అత్తగారికి, చూడవచ్చినవాళ్లకి. దేవుడి దగ్గరిది, ఎవరికి లేదనను? పురిటిగదికి చేరేసరికి ఒక్కోరోజు ఖాళీ. నెల మాత్రలు ఆరు రోజుల్లో అయిపోయాయి. మీ మరిదికి మోకాళ్ల నొప్పి తగ్గిందట. వృందకే ఇంకా కళ్లు తిరుగుతున్నాయి.

నళిని

తా.క. నీ ప్రసాదం ఇందులోనే మడిచి పెట్టాను.

వాయి, గురువారం

నళినీ, ఆశీస్సులు.

కవరు చింపగానే ఎర్రటి బిళ్ల పడింది. కళ్లకద్దుకుని మింగి, ఆ తర్వాత ఉత్తరం చదివాను.

గుర్తుండటానికి అక్కడ పెట్టమన్నానే గాని, నైవేద్యం పెట్టమన్నానా తల్లీ? ఆయీ ఇలాగే పంచి పంచి, నలభై దాటకుండానే గోడ పట్టుకు నడిచింది. వృంద అలా నడవకూడదు. మాత్రలు కొత్తవి కొని, దీపం పెట్టకముందే తనకు ఇవ్వండి. విఠోబా ఆగుతాడు. ఇటుక మీద నిలబడి ఎదురుచూడటం ఆయనకు అలవాటే.

ద్వారక

మిరజ్, శనివారం

అక్కా, దండాలు.

నీ ఉత్తరం చదివితే అత్తగారు మండిపడ్డారు. "ఈ ఇంట్లో దేవుడికంటే ముందు ఎవరు తిన్నారే?"

గదిలోంచి వృంద నానమ్మను అడిగింది: "ఆజీ, నేను కళ్లు తిరిగి పడితే బిడ్డను విఠోబా పట్టుకుంటాడా?"

అత్తగారు నావైపు తిరిగారు. "ఇది రాసింది రెండుపూటలా పూజ చేసే ద్వారకేనా?" అని ఉత్తరం మళ్లీ చదివించుకున్నారు. చివరికి, "నా నలుగురు పిల్లలప్పుడు నాకీ మాట ఎవరూ చెప్పలేదు" అన్నారు.

సాయంత్రం అందరం కూర్చుని తేల్చాం. మాత్రలు వృంద తలగడ కిందే ఉంటాయి. ముందు తను, తర్వాత దేవుడు, ఆ తర్వాతే మేము. గుమ్మం దగ్గర కాపలా అత్తగారిది, చేతికర్రతో.

నళిని

తా.క. మీ మరిది అలవాటుగా మాత్రకోసం చెయ్యి చాపారు. వృంద అందులో తన పాప తడిపిన గుడ్డ పెట్టింది.