అన్నిటికంటే పలచని కార్కు

జెఫెరీనో మామయ్యకు,

ఎవొరా నుంచి మీ మేనకోడలు. ఫోనులో నాకు మాటలు రావని మీకు తెలుసు, అందుకే ఉత్తరం.

తుంటి విరిగినప్పటి నుంచి అమ్మ టైల్సు మీద అడుగు పెట్టడానికే భయపడింది. పడినా దెబ్బ తగలకుండా నేలంతా మెత్తటి కార్కు చెట్టు బెరడు పరిపించమన్నది. "మా అన్నయ్య ఒలిచే రకం, రెండు వేళ్ళ మందం ఉండాలి!" నేల కింద వేడినీటి గొట్టాలు వేసిన మేస్త్రీ నవ్వాడు. "అంత మందమైతే వేడి కిందే ఉండిపోతుందమ్మా. పైన మీరు వణుకుతారు."

సలహా అడిగితే, నలభై ఏళ్ళుగా మందపాటి బెరడు ఒలిచి గర్వపడే మీరే నాతో, "అన్నిటికంటే పలచనిది కొను తల్లీ. సందు లేకుండా నేలకు అతికించు. నేనన్నానని మీ అమ్మకు చెప్పకు, నవ్వుతుంది" అన్నారు. ఆ మాట అనడం మీకెంత కష్టమో నాకు తెలుసు.

నాలుగు మిల్లీమీటర్లది వేయించాను. ఆదివారం అమ్మ చేతికర్ర వదిలి, ఉత్త పాదాలతో వంటింటి దాకా నడిచింది.

"వెచ్చగా ఉందే! ఇంత పలచనిదని మీ మామయ్యతో అనకు, నా పరువు పోతుంది."

మీ మాట నిలబెట్టాను. అమ్మకిచ్చిన మాట ఈ ఉత్తరంతో తప్పాను, దేవుడు క్షమిస్తాడు. మీ మేలు మరువను. ఈస్టరుకు రండి మామయ్యా, తలుపు అమ్మే తీస్తుంది.

మీ మేనకోడలు