ఒళ్లు విదిలించని పొట్టేలు

రాచర్ల, సోమవారం

మా నాగవేణికి మేనత్త వెంకటసుబ్బులమ్మ దీవించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం, గొర్రెలు కూడా.

ఫోన్ చెయ్యకుండా ఈ ఉత్తరమేందని అనుకోకు. మీ నాయన ఫోన్ ఎత్తితే స్పీకర్ పెడతాడు. పోయినసారి నీకు జలుబని చెప్తే బస్టాండు దాకా తెలిసింది. ఇది జలుబు కాదు.

మొన్న నువ్వొచ్చినప్పుడు నీ సంచి ఉతకబోతే మాత్రల అట్ట దొరికింది. మన ఆర్ఎంపీకి చూపిస్తే, "ఇవి మనసు బాగలేనోళ్లకు ఇచ్చేటివి" అన్నాడు. మార్కాపురంలో పేపరు విలేకరివి, నీకు మనసు బాగలేకపోవడమేంది? మీ నాయనకు చెప్పినా. "పెండ్లి చేస్తే అదే సర్దుకుంటుంది" అన్నాడు. కొమరోలులో బోరు లారీ ఉన్న పిల్లోడున్నాడు, వీరాంజనేయులని. శుక్రవారం అంకాలమ్మ ముందర పొట్టేలును నిలబెట్టి అడుగుతాం. పసుపునీళ్లు చల్లితే అది ఒళ్లు విదిలించిందా, తల్లి ఒప్పుకున్నట్టే.

ఇట్లు, నీ మేనత్త

తా.క.: పొట్టేలు చురుకైనది, విదిలిస్తుంది. పెండ్లి జాకెట్టు నీతో ఉండే ఆ టైలరు పిల్ల ఇరమ్ చేతనే కుట్టించు. మన కొలతలు దానికి తెలుసు కదా.

*

మార్కాపురం, బుధవారం

అత్తకు నమస్కారాలు.

విషయం ఇది. నాకున్నది డిప్రెషన్. పిచ్చి కాదు, గాలి సోకడం కాదు. నిద్ర పట్టేది కాదు, మంచం దిగాలంటే ఏడుపొచ్చేది. ఒంగోలులో ఒక డాక్టరమ్మ చూస్తోంది. ఇప్పుడు నయం. దీనికి పెళ్లి మందు కాదు. ఆ కొమరోలు అతనికి కూడా అది అన్యాయం.

ఇరమ్ ఇల్లు నీకు తెలుసు. కింద ఆమె తమ్ముడు జునైద్ సెల్‌ఫోన్ల దుకాణం, పైన మేమిద్దరం. మాత్ర వేసుకున్నానో లేదో అడిగేది ఇరమ్. ఒంగోలు బస్సులో నా పక్కన కూర్చునేది ఇరమ్. నా బతుకు ఆ ఇంట్లోనే. అది వదిలి రాను.

మీ నాగవేణి

తా.క.: పొట్టేలును వదిలేయండి. దానికి కొమరోలు గురించి ఏం తెలుసు?

*

రాచర్ల, ఆదివారం

నాగవేణికి అత్త రాసేది.

నీ ఉత్తరం చదివి చేతిలో చెంబు జారింది. "నా బతుకు ఆ ఇంట్లోనే" అన్నావు. ఆ ఇంట్లో మగోడు ఒక్కడే, జునైద్! ఆ పిల్లోడు మీ నాయన ఫోన్‌కు అద్దం ఊరికే వేసిచ్చినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. అయ్యో తల్లీ, సాయిబుల ఇంటికి కోడలివా! ఆడబిడ్డను ముందుగానే మంచి చేసుకుంటివి చూడు, నీ తెలివికి నోరు తెరుచుకొని ఉండిపోయినా.

ఇంకో సంగతి. కొమరోలు పేరు చెప్పి నీళ్లు చల్లితే పొట్టేలు కదల్లా. మీ నాయన మొగం మాడింది. ఆయనకు తెలియకుండా మనసులో జునైద్ పేరు అనుకొని ఇంకో చెంబు చల్లినా. ఊహూ. పూజారి చేతిలో దండ మేసింది.

వచ్చే శుక్రవారం ఆఖరుసారి అడుగుతాం. "ఈసారీ తల్లి పలకకపోతే పోయి పిల్లను ఇంటికి తోలుకొస్తా, ఉద్యోగం లేదు గిద్యోగం లేదు" అంటున్నాడు మీ నాయన.

ఇట్లు, నీ అత్త

తా.క.: పిల్లోడు సిగరెట్టు తాగుతాడా?

*

మార్కాపురం, బుధవారం

అత్తా,

నీ ఉత్తరం సంగతి చెబితే జునైద్ తాగుతున్న టీ ముక్కులోకి పోయింది. అతనికి మొన్ననే కంభంలో నిశ్చితార్థమైంది.

తిన్నగా రాస్తాను. నేను ఇష్టపడింది ఇరమ్‌ను. స్నేహితురాలిగా కాదు. మా అమ్మా నాయనా ఎట్లా కాపురం చేశారో, అట్లా. ఆమెకూ నేను అంతే. ఈ ఇష్టం జబ్బు కాదు. దాన్ని దాచీ దాచీ జబ్బుపడ్డాను.

మొదట జాకెట్టు కొలతలకని వెళ్లి ఆమె కుట్టు దుకాణంలో అద్దం ముందు ఏడ్చేశాను. ఇరమ్ గుండీల డబ్బా నా ఒళ్లో పెట్టి, రంగుల వారీగా ఏరమంది. సాయంత్రానికి ఏడుపు ఆగింది. మర్నాడు వెళ్లేసరికి ఆ గుండీలన్నీ మళ్లీ కలిపేసి నా కోసం పెట్టి ఉంచింది.

నాయన వస్తే నేను రాను. వస్తే ఏమవుతానో పోయిన ఏడాది నువ్వు చూశావు.

నీ నాగవేణి

తా.క.: ఇక నాతో మాట్లాడకపోయినా సరే. ఇది నాయనకు మాత్రం ఇవ్వకు. ఆయన పైకి చదువుతాడు.

*

రాచర్ల, శనివారం

నాగికి అత్త రాసేది.

ఆడది ఆడదాంతో కాపురమా! పొయ్యిలో వేద్దామని నీ ఉత్తరం తీసుకపోయి, పొయ్యి ముందరే మళ్లీ చదివినా. పేపర్లో వార్త మాదిరి రాసినావు. నువ్వెక్కడ ఏడ్చినావో వెతుక్కోవాల్సొచ్చింది. గుండీల దగ్గర దొరికింది.

పోయిన ఏడాది నువ్వొచ్చి గోడ వైపు తిరిగి పండుకున్నప్పుడు, చేలో కొట్టే మందు డబ్బాలన్నీ తీసుకపోయి మన పక్కింటి బడే సాహెబ్ ఇంట్లో దాచినా. నాకు తెలిసింది అంతే. గుండీల ఉపాయం నాకు తెలియకపాయె.

నిన్న అంకాలమ్మ ముందర మీ నాయన వింటుండగా నేనే అడిగినా. "తల్లీ, మా పిల్ల మార్కాపురంలోనే, తనకు ఇష్టమైనోళ్ల దగ్గరే ఉండొచ్చునా?" పొట్టేలు తల నుంచి తోక దాకా ఎట్ల విదిలించిందంటే, నీళ్లు మీ నాయన మీద పడినాయి. తుడుచుకొని, "తల్లే చెప్పినాక నేనెవర్ని" అన్నాడు. ఇష్టమైనోళ్లు ఎవరని అడగలా. అడిగితే ఏం చెప్పాలో నాకు తెలియదు. నాకింకా దడగానే ఉంది, అబద్ధమెందుకు.

వచ్చే ఆదివారం ఇద్దరూ రండి. ఆ పొట్టేలును తల్లికి బలిస్తున్నాం; ఆ మొక్కు కూర ఇరమ్ తినకూడదని బడే సాహెబ్ చెప్పినాడు. దానికి వేరే నాటుకోడి ఆయన చేతనే కోయించి వండుతా.

ఇట్లు, మీ ఇద్దరి అత్త

తా.క.: ఆ ఒంగోలు డాక్టరమ్మ ముసలోళ్లను కూడా చూస్తుందా? తెల్లారగట్ల నాకు ఊరికే ఏడుపొస్తుంది. ఇన్నేండ్లు గాలి అనుకున్నా.

ఇంకో తా.క.: ముందు రెండుసార్లు నీళ్లు ఒంటి మీదనే చల్లినా. నిన్న చెవిలో పోసినా. చెవిలో పోస్తే ఏ పొట్టేలైనా విదిలిస్తుంది. పుట్టినప్పటి నుంచి గొర్రెల్లో తిరిగే మీ నాయనకు ఆ సంగతి తెలియదా? నేను చెంబు వంచేటప్పుడు ఆయన కొండ వైపు తిరిగి నిలబడినాడు.