పక్క గది జీనత్ అడిగిన పస్కా ప్రశ్న

బ్నీద్ అల్ గార్, కువైట్

చిరంజీవి ఎలీషాకు, షాలోమ్.

నా ఒంటరి పస్కా గురించి బెంగపడకు, సజావుగానే జరిగింది. మన యూద ఆచారం ప్రకారం చిన్నవారు ప్రశ్న అడిగితేనే కదా పెద్దలు మన పూర్వీకులు ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైన కథ చెప్పేది. అడిగేవారు లేక నాకు నేనే ప్రశ్న వేసుకోబోతుండగా, పక్క గది జీనత్ తొంగిచూసి, "ఈ చప్పిడి రొట్టె ఎందుకు తింటాండావు టీచరమ్మా?" అంది. కూర్చోమని, మనవాళ్లను ఐగుప్తు నుంచి నడిపించిన ప్రవక్త కథ మొదలుపెట్టాను. "మా మూసా నబీ కతే కదా! ఉండు, పొయ్యి ఆర్పేసి వస్తా" అంది.

మన సమాజమందిరంలో ఈ ప్రశ్న అడగబోయిన నీ మనవరాలు హదస్సాను ఆడపిల్ల అడగరాదని కూర్చోబెట్టేశావట. వచ్చే పస్కాకు ఆమెచేతనే అడిగించు. నీకు కుదరకపోతే ఫోనులో నన్ను అడగమను, జవాబు నేను చెబుతాను. ఆమెకు నా ఆశీస్సులు.

అక్క,
రిబ్కా