సగం అరిగిన పసుపు కొమ్ము

మంగళవారం, రాత్రి

చిన్నదానికి దగ్గు పట్టుకుని ఇది మూడో రోజు. సాయంత్రం పాలలోకి పసుపు అరగదీస్తానని అత్తమ్మ అంటే, మార్కెట్‌కు పంపే మా పంట సంచిలోంచి బాగా మెరిసే కొమ్ము ఏరి ఇచ్చాను. వాసన చూసి పక్కన పెట్టింది.

"గిది అమ్మేటందుకు పాలిష్ పట్టింది బిడ్డా. మనం తినేటందుకు పెట్టుకున్నది తే."

తెచ్చాను. సాన మీద అరగదీస్తూ మధ్యలో ఆగింది. పిల్ల గౌను పైకెత్తి డొక్కలు చూసింది. ఊపిరి తీసినప్పుడల్లా లోపలికి గుంజుకుపోతున్నాయి. పొద్దుటి నుంచి నేను ఎత్తుకునే ఉన్నాను, ఒక్కసారీ చూడలేదు.

"గిది నా పసుపుతోని పోయేది కాదు. ఆర్మూర్ దవాఖానకు నడువు."

వాడలో సగం మంది పిల్లలకు దగ్గుకు నూరిచ్చిన మనిషి, ఆ మాట ఎంత తేలిగ్గా అంది! డాక్టరు నెబులైజర్ పెట్టి, సమయానికి తెచ్చారన్నాడు. ఇప్పుడు పిల్ల హాయిగా నిద్రపోతోంది. అత్తమ్మ ఇంట్లో లేని రోజు ఇలా అయి ఉంటే...

ఇంటికొచ్చాక కూడా పిల్ల డొక్కల మీద చెయ్యి వేసుకునే కూర్చున్నాను, అన్నానికీ లేవలేదు. అత్తమ్మ సాన మీద మిగిలిన పసుపును వేడి పాలలో కలిపి తెచ్చింది.

"జర నువ్వు తాగు."