ఇద్దరిని ఒక్కరిగా చేసిన నంబరు గురించి

గౌరవనీయులైన గ్రంథాలయ శాఖ సంచాలకులవారి సముఖమునకు,

అయ్యా,

విషయం: నా తమ్ముడి పేరును మరొకరి పేరుతో కలిపిన నమోదును రద్దు చేసి, ఆ సంగతిని మన నుంచి పేర్లు తీసుకొనే కార్యాలయాలన్నిటికీ తెలియజేయవలసినదిగా మనవి.

నేను కేంద్ర గ్రంథాలయం కేటలాగు విభాగంలో పేర్ల బల్ల దగ్గర పనిచేసే సహాయకుణ్ణి. పదో తరగతితో చదువు ఆగింది. ఈ పని చూసి నేర్చుకున్నదే. రోజు పద్దు రాసుకోవడం తప్ప వేరే రాత అలవాటు లేదు. కనుక ఈ అర్జీలో మర్యాద తక్కువైన చోట మన్నించగలరు.

1. పేర్ల బల్ల పని తమకు తెలియనిది కాదు. అయినా ఈ కాగితం ఎవరెవరి చేతులు మారి తమ దగ్గరికి వస్తుందో తెలియదు కనుక రాస్తున్నాను. ఒకే పేరుతో ఇద్దరు రచయితలు ఉంటారు. ఒకే రచయిత రెండు పేర్లతో రాస్తాడు. ఎవరు ఎవరో తేల్చి మనిషికొక నంబరు ఇవ్వడం మా పని. కార్డుల కాలంలో తేలనివాటిని కిటికీ పక్కన చెక్క ట్రేలో వేసేవాళ్లం. సందేహాల ట్రే అనేవాళ్లం దాన్ని. అందులో కార్డు ఏళ్ల తరబడి పడి ఉన్నా ఎవరికీ ఏ హానీ జరగలేదు. దుమ్ము పట్టేది, అంతే.

2. కొత్త సిస్టంలో రెండు పేర్లు పక్కపక్కన తెర మీదికి వస్తాయి. కింద మూడు బటన్లు ఉంటాయి: ఒకరే, వేరు, సందేహం. మేము తేల్చిన నంబర్లు ఇప్పుడు మన గోడల మధ్య ఉండవు. విశ్వవిద్యాలయాలు తీసుకుంటాయి, ప్రచురణకర్తలు తీసుకుంటారు, పన్నులవాళ్లు తీసుకుంటారు, భద్రతా విభాగంవారు కూడా తీసుకుంటారు. వాళ్ల జాబితాలు మన నంబర్లకు ముడిపడి ఉంటాయి. పేర్ల విషయంలో గ్రంథాలయం పొరపాటు పడదని అందరి నమ్మకం. ఆ మాట విని మా విభాగంలో అందరం కాస్త పొంగిపోయాం కూడా.

3. నా తమ్ముడు మోటారు మెకానిక్కు. కాలిపోయిన మోటార్లకు తీగ చుడతాడు. వీధిలో అతన్ని అందరూ కాయిల్ మాస్టారు అంటారు. పని నేర్చుకునేవాళ్లకు పనికొస్తుందని నీళ్ల మోటార్ల మీద చిన్న పుస్తకం రాసి సొంతంగా అచ్చు వేయించాడు. అదే పేరుతో, అదే సంవత్సరంలో పుట్టిన మరొకాయన ఉన్నాడు. ఆయన రాసిన పుస్తకం నిషేధంలో ఉంది. ఆయన కోసం చాలాకాలంగా వెతుకుతున్నారు. ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

4. ఈ ఇద్దరి పేర్లూ జంటగా నా తెర మీదికే వచ్చాయి. చూడగానే తెలిసింది, వేరని. కాని సొంతవారి పేర్లు వచ్చినప్పుడు ఉద్యోగి తేల్చరాదనీ, సందేహంలో ఉంచి మరొకరికి వదిలేయాలనీ నిబంధన. నేను నిబంధన ప్రకారం సందేహం నొక్కి, తర్వాతి జంటకు వెళ్లిపోయాను. మరొకరు ఎవరూ దాన్ని తెరవలేదు. పేర్ల బల్ల మీద ఇప్పుడు నేనొక్కణ్ణే ఉన్నాను. తక్కిన కుర్చీలు మడిచి గోడకు ఆనించారు.

5. నెల మారాక చూస్తే ఇద్దరూ ఒకరై ఉన్నారు. సిస్టం చూసే మేడంగారిని అడిగాను. ఆమె మంచి మనిషి. తప్పించుకోవాలని చూడలేదు.

"అన్నగారూ, సందేహం అంటే కాదన్నట్టు కాదు కదా."

"అవునన్నట్టు కూడా కాదు కదమ్మా."

"నెలాఖరులోగా ఎవరూ కాదనకపోతే అవునన్నట్టే తీసుకుంటుంది. సందేహాలు పేరుకుపోతున్నాయని పైనుంచి అడిగి పెట్టించారు. మీకు సర్క్యులర్ రాలేదా?"

రాలేదని చెప్పాను. వచ్చి ఉంటే నేను దాచుకునేవాణ్ణి. ఆమె నా ఎదుటే రెండు పేర్లనూ విడదీసింది. సాయంత్రానికి మళ్లీ కలిసిపోయాయి. మర్నాడు మళ్లీ విడదీసింది, మళ్లీ కలిశాయి. ఆమె కుర్చీ వెనక్కి జరుపుకొని నా వైపు తిరిగింది.

"మన దగ్గర తీసుకున్నవాళ్లందరూ ఇప్పుడు ఒకరే అంటున్నారు అన్నగారూ. ఇన్ని చోట్ల ఒకరే అని ఉంది కాబట్టి మన సిస్టం దాన్నే సాక్ష్యం అనుకుంటోంది. మనం చెప్పిందే మనకు తిప్పి చెబుతున్నారు."

"మరి ఎవరు ఆపాలి?"

"సంచాలకులవారి ఆదేశం పడితే ఆగుతుంది. ఆ తాళం వారి దగ్గరే ఉంది. నాది కాదు."

6. ఈలోగా తమ్ముడి షాపుకు ఇద్దరు మనుషులు వచ్చారు. మర్యాదస్తులు. మంచినీళ్లు అడిగి తాగారట. పాత ఫ్యాను ఒకటి చూపించి బాగవుతుందా అని అడిగారట. తర్వాత తమరు రచయిత కదా అన్నారట. వాడు అదే రోజు నాకు ఫోను చేసి నవ్వాడు.

"అన్నయ్యా, నాకు తెలియకుండా నేను ఇంకో పుస్తకం రాశానట. మీ లైబ్రరీలో ఉందట. ఎలా రాశానో కాస్త చదివి చెప్పు."

"ఇంకేమన్నారు?"

"రేపొకసారి ఆఫీసుకు రమ్మన్నారు. మీటింగేమో. రచయితల్ని పిలుస్తారుగా, శాలువా కప్పడానికి."

"నేనూ వస్తాను, ఉండు."

"నువ్వెందుకు, నువ్వు రాయలేదుగా." మళ్లీ నవ్వి పెట్టేశాడు.

నేను ఆ భద్రతా విభాగం ఆఫీసుకు వెళ్లేసరికే వాడు లోపలికి వెళ్లిపోయాడు. బయటికి రాలేదు. షాపులో బల్ల మీద సగం తీగ చుట్టిన మోటారు ఇంకా అలాగే ఉంది. దాని సొంతదారు వచ్చి తలుపు సందులోంచి చూసి వెళుతున్నాడు.

7. తమ్ముడి భార్య, మా మరదలు, రోజూ ఆ ఆఫీసు కౌంటరు దగ్గరికి వెళుతోంది. ఒకరోజు నేను వెంట వెళ్లాను. అద్దం వెనుక కూర్చున్న ఉద్యోగి తమ్ముడి పాత నంబరు కొట్టి చూశాడు.

"ఈ నంబరు మూసేశారమ్మా. ఈ నంబరుతో మనిషి లేడు."

"మనిషి లేకపోవడమేమిటి బాబూ, ఆ రోజు పొద్దున టిఫిను తిని ఇక్కడికి వచ్చిన మనిషి."

"కొత్త నంబరు మీద అడగండి. అదుగో, పేరు అదే, నిషేధం పుస్తకం రాసినాయన. ఆయనకు మీరేమవుతారు?"

ఆమె నా వంక చూసింది. అతను ఒక ఫారం బయటికి తోశాడు. ఆ కొత్త నంబరు మనిషికి భార్యనని సంతకం పెడితే లోపలికి పంపుతారు. పెట్టకపోతే ఆమె ఎవరూ కాదు.

"వద్దమ్మా," అన్నాను. "నువ్వు సంతకం పెడితే ఇద్దరూ ఒకరేనని మన ఇంటి మనిషే ఒప్పుకున్నట్టు. ఇప్పటిదాకా మిషను అంటోంది. అప్పుడు నువ్వు అన్నట్టవుతుంది."

"మరి ఆయన్ను ఎలా చూడాలి బావగారూ?"

అందుకే తమకు రాస్తున్నాను.

8. నిబంధన తప్పని నేను అనడం లేదు. సిస్టం వద్దని కూడా అనను. తేలని దానిని తేలలేదని ఉంచే చోటు ఒకటి ఉండాలని మాత్రం నా మనవి. ఆ చోటు పూర్వం మాకు ఉండేది. నా తమ్ముడికి ఇప్పుడు లేదు.

కావున తమరు దయచేసి, (అ) ఆ రెండు పేర్లనూ విడదీసి మళ్లీ కలవకుండా తమ తాళం వేయవలెను. (ఆ) నిషేధంలో ఉన్న పుస్తకం రాసినది నా తమ్ముడు కాడని భద్రతా విభాగంవారికి తమ సంతకంతో లేఖ పంపవలెను. (ఇ) ఇది నెలాఖరు లోపల జరగవలెను. నెల మారితే ఈ మనవిపై ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి అంగీకరించినట్టేనని ఎక్కడైనా నమోదవుతుందేమోనని భయంగా ఉంది.

ఈ నాలుగు మాటలూ తమ మనసున పెట్టుకొని న్యాయం చేయగలరని నమ్ముతూ,

తమ విధేయుడు,
సహాయకుడు, పేర్ల బల్ల,
కేటలాగు విభాగం

తా.క. అర్జీ మడిచి కవరులో పెట్టబోతుండగా మరదలు వచ్చింది. సంతకం పెట్టేశానని చెప్పింది. తమ్ముణ్ణి చూసిందట. "చిక్కిపోయారు బావగారూ. అక్కడివాళ్లు పేరు పెట్టి పిలిస్తే అటూ ఇటూ చూసి పలికారు," అంది. ఫారంలో బంధువుల గడి కూడా నింపమన్నారట. అన్న అన్నచోట నా పేరు రాసి నింపింది.

సిస్టం మేడంగారికి చెప్పాను. ఆమె ఆ జంటను మళ్లీ నా తెర మీదికి పంపింది. "నిబంధన సంగతి తర్వాత చూద్దాం అన్నగారూ. నొక్కేయండి," అంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో మొదటిసారి నిబంధన తప్పాను. వేరు అని నొక్కాను. దానికి తమరు ఏ శిక్ష వేసినా సరే. తెర మీద వచ్చిన మాటలు ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మీరు ఈ వ్యక్తికి సోదరులు. మీ జవాబు సందేహంగా నమోదైంది."

అయ్యా, ఆ వ్యక్తిని నేను ఎన్నడూ చూడలేదు. నాకున్నది ఒక్కడే తమ్ముడు. వాడు మోటార్లు బాగు చేస్తాడు. కాదనడానికి ఇక తమరు తప్ప ఎవరూ మిగల్లేదు. కవరు తపాలాలో వేయకుండా నేనే పట్టుకొని వచ్చాను. తమ గది బయట బెంచీ మీద కూర్చున్నాను. పిలిస్తే పలుకుతాను.