ముప్పై ఒక్క ఇళ్లు

కర్నూలు,
మార్చి 14.

అమ్మకు నీ కూతురు స్తుతి రాసుకునే వందనాలు. దేవుని దయవల్ల నేనిక్కడ బాగున్నాను. నువ్వు, నాన్న, తమ్ముడు అక్కడ సుఖంగా ఉన్నారని నమ్ముతూ మొదలుపెడుతున్నాను. ఫోన్ ఉండగా ఉత్తరమెందుకని అనుకుంటావు. ఫోన్ చేస్తే నువ్వు స్పీకర్ పెట్టి నాన్నకూ పక్కింటివాళ్లకూ వినిపిస్తావు. ఇది ముందు నువ్వొక్కదానివే చదవాలి. నాలుగు రోజులుగా రాసి చించేస్తున్నాను.

నువ్వడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. హాస్టల్లో వేళకే తింటున్నాను. జొన్నరొట్టె అలవాటైంది. నాన్న మోకాలి నొప్పికి అంగట్లో మాత్రలు కొని మింగొద్దని చెప్పు. ఒకసారి రాజంపేట ఆసుపత్రిలో చూపించండి. "లీడరంటే ఏం పని చేస్తాండావు?" అని కూడా అడిగావు. దాని గురించే ఈ ఉత్తరమంతా.

మా ప్రజారోగ్య విభాగంలో రెండేళ్లవాళ్లం కలిసి ముప్పై నాలుగు మందిమి. పళ్ల డాక్టర్లు, నర్సింగ్ చదివినవాళ్లు ముందు బెంచీల్లో కూర్చునేవాళ్లు. నాలాంటి మామూలు డిగ్రీవాళ్లు వెనక. టీ తాగడం కూడా వేర్వేరుగానే. ఆగస్టులో నన్ను లీడరుగా ఎన్నుకున్నాక ప్రతి గురువారం క్లాసులు అయిపోగానే కుర్చీలు గుండ్రంగా వేయించాను. ఒక్కొక్కరూ తమ ఇంట్లోనో వీధిలోనో చూసిన ఒక జబ్బు సంగతి చెప్పాలి. అంతే. ముందు బెంచీల్లోంచి మొదట లేచి మా పక్కన కూర్చున్నవాడు రంగనాథ్. జూనియర్ మెహనాజ్ ఆరు వారాలు నోరు విప్పలేదు. ఏడో వారం వాళ్ల నానమ్మ చక్కెర జబ్బు గురించి అరగంట మాట్లాడింది. ఆ రోజు నేను ఏదో సాధించాననుకున్నాను.

డిసెంబరులో పత్తికొండ వైపు ఒక పల్లెకు సర్వేకు పోయాం. తాగేనీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయి, ఎవరు మోస్తున్నారు, ఇంట్లో ఏ నొప్పులున్నాయి అని ఇల్లిల్లూ తిరిగి రాసుకోవాలి. ఊరి చివర చర్చి వీధి రంగనాథ్ బృందానికి వచ్చింది. ముప్పై ఒక్క ఇళ్లు. రెండు రోజుల తర్వాత మెహనాజ్ నా గదికి వచ్చి తలుపు మూసింది.

"అక్కా, మేము ఆ వీధికి పోనేలేదు. బస్సు తప్పిపోతాదని బస్టాపు కాడ కూర్చోని ముందు వీధి ఫారాలు చూసి రాసినాం. నేనూ పది రాసినా."

రంగనాథ్‌ను అడిగితే కాదనలేదు. ఇది బయటపడితే మళ్లీ ఎవరి మూలకు వాళ్లం పోతామని, ఇంత కష్టపడి కలిపింది చెడిపోతుందని అన్నాడు. నాకూ అదే భయం. అందరి మంచి కోసం ఊరుకొమ్మని మెహనాజ్‌కు చెప్పాను. ఆ పిల్ల తల వంచుకుని వెళ్లిపోయింది. తర్వాతి గురువారం నుంచి రాలేదు. ఆ కుర్చీ ఖాళీగానే ఉండేది. అయినా నడిపించాను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నానమ్మా. ఫిబ్రవరిలో అధికారుల సమావేశంలో ఆ నివేదిక చదివింది నేనే. ఆ ఊళ్లో దాదాపు అన్ని ఇళ్లకూ కుళాయి నీళ్లు అందుతున్నాయని నా నోటితోనే చెప్పాను. షీల్డు ఇచ్చారు. నువ్వు పాస్టరుగారికి చూపించి చర్చిలో స్తోత్రం చెప్పించిన ఫోటో ఆనాటిదే. నన్నెవరూ మోసం చేయలేదు. తెలిసే చదివాను. వేదిక దిగుతుంటే, కొత్త పైపులైను జాబితాలో ఆ ఊరు అక్కర్లేదని ఒక అధికారి పక్కాయనతో అంటున్నాడు. చేతిలో షీల్డుతో విన్నాను. అది మన వీధిలాంటి వీధి. తోట బోరు దగ్గర నీ వంతు కోసం నిలబడి నువ్వెన్ని పొద్దులు కూలి పోగొట్టుకున్నావో చూసినదాన్ని నేను.

ఒక నెలంతా నిలకడ లేదు. పుస్తకం తెరిస్తే చదువు సాగదు, పడుకుంటే నిద్ర రాదు. పోయిన వారం మెహనాజ్ గదికి వెళ్లి క్షమించమన్నాను. ఆ పిల్ల నా ముఖం చూడకుండా, "క్షమాపణ నాకెందుకక్కా? ఆ వీధికి పోదాం పా" అంది.

ఆ గురువారమే అందరి ముందూ చెప్పాను. నేను చేసిందే చెప్పాను, ఎవరి పేరూ ఎత్తలేదు. రంగనాథ్ లేచి, ఫారాలు రాయించింది తానేనన్నాడు. మరునాడు ఇద్దరం మా విభాగాధిపతి మేడం దగ్గరికి పోయాం. ఆమె చాలా కోప్పడింది. నివేదిక వెనక్కి తీసుకుంటున్నామని అధికారులకు రాసింది. మా ఇద్దరి సర్వే మార్కులు కొట్టేశారు. నా పట్టా ఆరు నెలలు ఆలస్యమవుతుంది. లీడరు పని నేనే వదిలేశాను. కొందరు నాతో మాట్లాడటం మానేశారు.

నిన్న మళ్లీ ఆ ఊరికి పోయాం. ఎవరూ రారనుకున్నాను. బస్టాండులో పదకొండు మంది ఉన్నారు. రంగనాథ్ కాస్త దూరంగా నిలబడి ఉన్నాడు. మెహనాజ్ వెళ్లి పిలుచుకొచ్చింది.

మొదటి ఇల్లు జీవమ్మ అనే అవ్వది. వీధి మొదట్లో కుళాయి ఉంది గాని రెండేళ్లుగా చుక్క రాలేదట. ఈ వయసులో నడుం పట్టుకుని పొలం బోరుకు పోతుంది. ఆ బోరు నీళ్లలోని ఫ్లోరైడుకు మనవడి పళ్లు గోధుమరంగుకు తిరిగాయి. రాసుకుంటుంటే అడిగింది.

"ఏమ్మా, పోయినసారి ముందు వీధిలో అందర్నీ అడిగినారంట. మా తావుకు రాకపోతిరే?"

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు.

"రాలేదవ్వా. వచ్చినట్టు రాసుకున్నాం" అన్నాను.

ఆమె తిట్టలేదు. పెన్ను పట్టుకున్న నా చేతి మీద చేయి వేసి, "అట్లయితే ఇప్పుడు సరిగ్గా రాయి. నా నడుం సంగతి మళ్లా చెప్తా, రాయి" అంది. మొదటినుంచీ మళ్లీ చెప్పింది. మొదటినుంచీ మళ్లీ రాశాను.

ముప్పై ఒక్క ఇళ్లూ అయ్యేసరికి పొద్దు గుంకింది. ఆ ఊరి పేరు పైపులైను జాబితాలోకి ఎక్కుతుందో లేదో ఇంకా తెలియదు. సోమవారం మేడంతో పాటు నేనూ, మెహనాజ్ కొత్త ఫారాలు పట్టుకుని ఆ అధికారుల ఆఫీసుకు పోతున్నాం. పాస్టరుగారికి ఏం చెబుతావో నీ ఇష్టం. నాన్నకు మాత్రం నువ్వే చదివి వినిపించు. తిట్టాలనిపిస్తే తిడుతూ రాయి. రాయకుండా మాత్రం ఉండకమ్మా.

ఇట్లు,
నీ పెద్ద కూతురు
స్తుతి