కంచిలి మలుపు దగ్గర పదకొండు నిమిషాలు

రాజాం,
ఆదివారం, 9-7-2017.

నాన్నకి,

నీ అనిత దండాలు పెట్టి రాసేది. ఇక్కడ నేనూ నీ అల్లుడు ఈశ్వరూ, ఊళ్ళో అమ్మా అందరం బాగానే ఉన్నాం. పారాదీప్‌లో నీకు ఒంట్లో కులాసాగా ఉందని, వేళకి ఇంత తింటున్నావని అనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను.

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరాలేమిటని ఈశ్వర్ నన్ను ఆటపట్టిస్తున్నాడు. మొదలుపెట్టింది మా నాన్నే అన్నాను. "ఫోన్లో మాట సగం గాలికి పోతాది, కాయితమైతే దిండు కింద ఎట్టుకోవచ్చు" అని రాశావు కదా, ఆ ముక్క చదివి వినిపిస్తే తనే వెళ్ళి కాగితాలు తెచ్చిపెట్టాడు. నీ అక్షరాలు మన ఊరి పడవల మీద రాసే పేర్లలా ఎంతేసి ఉన్నాయో! నాలుగు ముక్కలకే పేజీ నిండిపోయింది.

నువ్వడిగిన వాటికి ముందు జవాబులు. ఈశ్వర్ మోకాలు తగ్గింది, బండి మీదే షాపుకి వెళుతున్నాడు. అమ్మ బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటోంది. నువ్వు కనుక్కోమన్నావని చెబితే "అక్కడ కూకుని నా మాత్తర్లు లెక్కెడతన్నాడా మీ అయ్య" అని కసిరింది గానీ, మొహం మాత్రం వెలిగిపోయింది. ఇక్కడ వానలు పట్టాయి. మా వీధిలో నీళ్ళు నిలిచి, షాపుల బోర్డులన్నీ తలకిందులుగా కనబడుతున్నాయి. పొద్దున్న ఆఫీసుకి వెళ్ళేటప్పుడు ఏదో వేరే ఊరి మీద నడుస్తున్నట్టుంటుంది.

ఇంక నీ ఆఖరి ప్రశ్న. "నూకయ్య కూడా మానీసినాడట. మంచి సెయ్యి. ఏటయింది? మీ ఆపీసులో డ్రైవర్లు ఒకడి తరవాత ఒకడు ఎందుకు ఎల్లిపోతన్నారు?" అని అడిగావు. ఆ రెండు వరుసలూ చదివి కాగితం మడిచేశాను. మళ్ళీ తీశాను, మళ్ళీ మడిచాను. నాన్నా, దానికి జవాబు చెప్పాలంటే కొంచెం దూరం నుంచి రావాలి. ఓపిగ్గా చదువు.

నువ్విక్కడ లారీ నడుపుతున్నప్పుడు నన్ను ఈ ఉద్యోగంలో పెట్టించింది నువ్వే. మేనేజరు జగన్నాధం గారి దగ్గర చేతులు కట్టుకుని నిలబడి "మా పిల్ల ఇంటరు సదివింది, దస్తూరీ ముత్యాలండి" అన్నావు. డీజిల్ చీటీలు రాస్తానని నీకు తెలుసు. డ్రైవరు మానేసేటప్పుడు ఎందుకు మానేస్తున్నాడో అడిగి ఫారం నింపుతాననీ తెలుసు. సరుకిచ్చే పెద్ద కంపెనీ వాళ్ళు ఆ ఫారాలు కావాలన్నారట. జీతం చాల్లేదా, బండి బాగోలేదా, ఆరోగ్యమా, కుటుంబ కారణాలా అని గళ్ళుంటాయి. ఎవరినడిగినా ఒకటే మాట, "ఇంట్లో బాగోలేదమ్మా." ఇన్ని ఇళ్ళల్లో ఒకేసారి ఎలా బాగోకుండా పోయిందా అని నాకు నవ్వొచ్చేది. 'కుటుంబ కారణాలు' అన్న గడిలో టిక్కు పెట్టి సంతకం తీసుకునేదాన్ని.

నీకు తెలియని పని ఇంకొకటుంది. వెనక గదిలో ఒక కంప్యూటరుంది. అందులో మన బళ్ళన్నీ చుక్కలై కనబడతాయి. నడిచేవి పచ్చగా, ఆగినవి ఎర్రగా. విశాఖపట్నం నుంచి కలకత్తా దాకా రోడ్డు, పక్కనే నీలంగా సముద్రం. మధ్యాహ్నం పూట ఆ గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ ఉండదు. చుక్కలు కదులుతున్నట్టే ఉండవు, కన్నార్పి చూసేసరికి నరసన్నపేట దాటి టెక్కలి దగ్గర ఉంటాయి. చూసీ చూసీ నా చుట్టూ ఆ గది మాయమైపోయేది. చిన్నప్పుడు ఒకసారి నన్ను నీ లారీలో పలాస నుంచి బరంపురం తీసుకెళ్ళావు, గుర్తుందా? నీ తువ్వాలు మీద తలపెట్టి పడుకుని, చెట్లు మనకంటే తొందరగా ఇంటికి పోతున్నాయనుకున్నాను. ఆ గదిలో కూర్చుంటే మళ్ళీ ఆ కేబిన్లోనే ఉన్నట్టుండేది. వేపచెట్ల నీడలు నా చేతుల మీద నుంచి పోతున్నట్టుండేది. జీతమిచ్చి కలలు కనమన్నట్టు హాయిగా ఉండేది నాన్నా. అబద్ధమెందుకు, నాకు ఆ పని ఇష్టం.

ఆ ఇష్టంలో ఉండగానే ఫోను పని కూడా నాకే వచ్చింది. కంపెనీ చెప్పని చోట బండి పది నిమిషాలు దాటి ఆగితే, ఫోను చేసి ఎందుకాగారో అడగాలి. విశాఖపట్నంలో మూడు రోజులు కూర్చోబెట్టి ఎలా మాట్లాడాలో నేర్పారు. మన మాట వద్దన్నారు. తిట్టకూడదు, నవ్వకూడదు, ఎవరని అడిగినా పేరు చెప్పకూడదు. చదవాల్సిన వాక్యం అట్టముక్క మీద అంటించి ఎదురుగా పెట్టారు. ఆ గొంతు నాకు బాగా పట్టుబడింది. డ్రైవర్లకి నంబరు కూడా వేరే ఊరిది కనబడుతుంది. కిటికీ దగ్గర డీజిల్ చీటీ ఇస్తూ "తిన్నావా బాబాయ్" అనే అనితా, ఫోన్లో ఆవిడా ఒకటేనని వాళ్ళకి ఊహకైనా అందలేదు.

నూకయ్య బాబాయ్ మొన్న నెలాఖరున తాళాలిచ్చేశాడు. ఫారం తీసి అడిగితే, "ఇంట్లో బాగోలేదు, రాసుకో తల్లీ" అన్నాడు. వాన పడుతోంది, వెళ్ళడానికి లేదు. టీ తెప్పించాను. ఫారం పక్కకి తోసి, "ఏ ఊళ్ళో ఉండగా అనిపించింది బాబాయ్, మానీయాలని?" అని ఊరికే అడిగాను. ఎందుకలా అడిగానో నాకే తెలీదు. టీ గ్లాసు కింద పెట్టి, ఎవరో పిలిచినట్టు వీధిలోకి చూశాడు.

"పలాస దాటాక మా ఊరుంది గదా, అక్కడ. నెలకి ఆరుసార్లు మా ఇంటి ముందునుంచే పోతాను తల్లీ. పొగ కనబడతాది, మా ఇంటిది వంట సేస్తన్నాదని తెలుస్తాది. ఒకనాడు మనవరాలికి జొరం. రోడ్డు మీదికి ఎత్తుకొచ్చినారు. బండాపి ఒళ్ళోకి తీసుకున్నాను. ఫోను మోగింది."

"ఎవులు?"

"ఎవులో ఆడకూతురు. హైదరాబాదులో కూకుంటాది కావాల. 'నమస్కారం, మీ వాహనం పదకొండు నిమిషాలుగా నిలిచి ఉంది, కారణం తెలియజేయండి' అంటాది. ఏటని తెలియజేసీది? పిల్ల నుదురు ముట్టుకుని సూస్తన్నానని సెప్పనా? తిట్టినా బాగుండును, నానూ తిడతాను, అయిపోతాది. తిట్టదు. ఆ గొంతులో మనిసి లేదు తల్లీ. జీతం బాగానే ఉన్నాది, బండీ బాగానే ఉన్నాది. ఆ గొంతు ఇంక ఇనలేను."

ఫారం మళ్ళీ ముందుకి లాక్కున్నాను. "ఆవిడ ఎదురుపడితే ఏటంటావు బాబాయ్?" అన్నాను.

"ఏటంటాను? దానికీ ఓ అయ్యుంటాడు గదా. తిన్నావా తల్లీ అనడుగుతాను," అన్నాడు. టీ తాగేసి, వాన తగ్గకుండానే వెళ్ళిపోయాడు. నేను 'కుటుంబ కారణాలు' దగ్గర టిక్కు పెట్టాను. నాన్నా, ఆ క్షణంలో నా మీద నాకే అసహ్యం వేసింది.

తరవాత వచ్చిన ఇద్దరినీ అలాగే అడిగాను. ఒకాయన సోంపేట దగ్గర అన్నాడు, ఇంకొకాయన భోగాపురం దగ్గర అన్నాడు. ఇద్దరివీ రోడ్డు పక్క ఊళ్ళే. ఇద్దరి కథలోనూ నేనున్నాను.

ఇంక నేను ఇన్నాళ్ళూ దాచిన మాట. పోయిన చలికాలంలో, కంచిలి దాటాక మన ఊరి మలుపు దగ్గర నీ బండి ఆగినప్పుడు, నీకు ఫోను చేసింది నేనే.

బండి ఎవరిదో తెలీక చేశానని రాసుకుందామనుకున్నాను. ఆ కాగితం చింపేశాను. తెలుసు నాన్నా. నీ బండి నంబరు నాకు నిద్రలో కూడా తెలుసు. పొద్దున్నే అమ్మ నాకు ఫోను చేసి, కానాగంత చేపల పులుసు వండానని, మలుపు దగ్గరికి క్యారేజీ తెస్తున్నానని చెప్పింది కూడా. చుక్క ఎర్రబడగానే నాకు నవ్వొచ్చింది. ఇప్పుడు మూత తీస్తున్నారు, ఇప్పుడు నాన్న కిందికి దిగి తువ్వాలు పరుచుకుంటున్నాడు అనుకుంటూ మీ ఇద్దరి పక్కనే కూర్చున్నాను. పది నిమిషాలు దాటాక వెనక నుంచి జగన్నాధం గారు, "ఆ బండేటి, నిలబడిపోయింది? ఫోను చెయ్యమ్మా," అన్నారు. మా నాన్నండీ, అన్నం తింటున్నాడండీ అనొచ్చు. ఆయన రాక్షసుడేం కాదు, సరేలే అనేవారేమో. నా నోటికి ఆ మాట రాలేదు. అట్టముక్క మీద ఉన్న వాక్యం వచ్చింది. పైగా నువ్వు గుర్తుపట్టకుండా గొంతు ఇంకొంచెం బిగించాను.

నువ్వు, "ఆఁ, కదులుతన్నానండి," అన్నావు. నన్ను అండీ అన్నావు నాన్నా. ఒక్క నిమిషంలో చుక్క పచ్చబడి ఇచ్ఛాపురం వైపు వెళ్ళిపోయింది.

ఇరవై రోజులకి నువ్వు తాళాలు తెచ్చి నా బల్ల మీద పెట్టావు. "కళ్ళు ఆనడం లేదు, రాసుకో అమ్మా," అన్నావు. ఆరోగ్యం గడిలో టిక్కు పెట్టి నీ సంతకం తీసుకున్నాను. కళ్ళు ఆననివాడు పారాదీప్ వెళ్ళి పాత లారీ ఎక్కాడని తెలిసినప్పుడు కూడా, పోనీలే, నాన్న నన్ను గుర్తుపట్టలేదు, ఇంకెవరి మీదో కోపంతో వెళ్ళాడనుకున్నాను. అలా అనుకుంటేనే నాకు అన్నం దిగేది.

బాబాయ్ వెళ్ళిన మర్నాడు ఊరెళ్ళాను. అమ్మ చేపలు శుభ్రం చేస్తోంది. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. ఏడుపాగలేదు. అమ్మ చెయ్యి ఆపకుండా, "మీ అయ్యకి ఆనాడే తెలుసే," అంది.

"ఏటి తెలుసు?"

"మొదటి ముక్కకే తెలిసింది. ముద్ద సేతిలోనే ఉన్నాది. ఫోనెట్టీసి నవ్వినాడు. 'మన పిల్లేనే! కలెట్రు మాటాడినట్టు మాటాడింది' అన్నాడు. అమ్మ బాబోయ్, ఆ మురిపెం సూడాల. మరింకేటీ తిన్లేదు. సెయ్యి కడిగీసుకుని, 'దానెనకాల ఎవులో నిలబడున్నారు. నా బండి దాని కళ్ళ ముందు ఆగితే దానికి పేణసంకటం. నానే తప్పుకుంటాను' అన్నాడు. నీతో అనొద్దని ఒట్టేయించుకున్నాడు."

అమ్మ ఇన్నాళ్ళూ పాటించిన ఒట్టు నా ఏడుపు చూసి తప్పింది, తననేమీ అనకు. నా ఉద్యోగం కోసం నువ్వు నీ ఉద్యోగం వదులుకున్నావు. పది రోజులకోసారి కనబడే మనిషివి రెండు నెలలకోసారి కనబడుతున్నావు. నాకు ఇష్టమైన పని అని ఎంత హాయిగా రాశాను పైన!

బుధవారం నాడు నెలవారీ రిపోర్టు రాయాల్సి వచ్చింది. ఈసారి గళ్ళు నింపలేదు. 'వీళ్ళ ఇళ్ళు దారిలోనే ఉన్నాయి, ఆగనివ్వలేదు, అందుకే వెళ్ళిపోయారు' అని రాశాను. ఆగొద్దని ఫోను చేసింది నేనేనని, అందులో ఒకరు మా నాన్న అని కూడా రాసి సంతకం పెట్టాను. జగన్నాధం గారు రెండుసార్లు చదివారు. "ఇది పైకి పంపితే నీ ఉద్యోగం ఉంటుందో ఉండదో నేను చెప్పలేనమ్మా," అన్నారు. పంపమన్నాను. పంపారు. రేపు విశాఖపట్నం నుంచి ఎవరో వస్తున్నారు. ఈశ్వర్ ధైర్యంగానే ఉన్నాడు, నాకే కొంచెం భయంగా ఉంది.

వెళ్ళిపోయిన డ్రైవర్లకి ఫోను చేసి వెనక్కి రమ్మని అడగమని ఒక జాబితా కూడా ఇచ్చారు. నీ పేరు మూడోది. నీకు ఫోను చెయ్యలేదు. చేస్తే ఆ గొంతే వస్తుందేమోనని భయం, అందుకే కాగితం పట్టుకున్నాను. కంపెనీ తరపున నిన్ను రమ్మనను. వస్తావో మానేస్తావో నీ ఇష్టం. నన్ను క్షమించమని మాత్రం అడుగుతున్నాను.

నీ కొత్త ఓనరు బండికి, ఎక్కడుందో తెర మీద చూపించే ఆ మిషను లేదట. రోజూ మధ్యాహ్నం తెర మీద వెతుకుతాను, అలవాటు పోలేదు. రోడ్డంతా చుక్కలే, నీది లేదు. మూడేళ్ళు నువ్వు ఎక్కడున్నావో నిమిషం నిమిషం తెలిసి కూడా, తిన్నావా అని ఒక్కసారైనా అడగలేదు. ఇప్పుడు నువ్వెక్కడున్నావో నాకు తెలీదు.

ఎక్కడున్నావు నాన్నా? తిన్నావా?

ఇట్లు,
నీ కూతురు
అనిత